సీడీలు కంప్యూటర్‌లోకి ఎక్కించబోతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దనాన్న ఆశీస్సులు.

అటక మీది సీడీలు, డీవీడీలన్నీ సెలవుల్లో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇంట్లో ఒకరికైనా ఆ ధ్యాస కలిగినందుకు గర్వంగా ఉంది కానీ, నీ తొందర తెలిసినవాణ్ణి కనుక బెంగ కూడా పట్టుకుంది.

నీ ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవు లేదు కాబట్టి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ల మార్కెట్‌లో యూఎస్‌బీ డీవీడీ రైటరు కొనుక్కో. ముందుగా మనం రాయించుకున్న డిస్కుల పని చూడు. కంపెనీ సీడీలలో సమాచారం ప్లాస్టిక్‌లోనే గుంటలుగా అచ్చుపడి ఉంటుంది. రాయించిన వాటిలో అది రంగుపూతలో లేజరు చేసిన మచ్చల రూపంలో ఉంటుంది, ఎండకూ వేడికీ ఆ పూత చెడిపోతుంది.

చీటీలు అంటించిన డిస్కులు కనిపిస్తే మాత్రం ఆ చీటీలను గోటితో కూడా ముట్టవద్దు. బామ్మ మంగళహారతులను క్యాసెట్ నుంచి సీడీకి ఎక్కించిన స్టూడియోవాళ్లు పైన కాగితపు చీటీ అంటించి ఇచ్చారు. కొన్నేళ్లకు దాని అంచు లేచి డ్రైవులో రాసుకుంటుంటే, మీ నాన్న తడిబట్టతో నానబెట్టి లాగాడు. చీటీతోపాటు వెండిపొర పెచ్చులుగా ఊడివచ్చి, డిస్కును ట్యూబ్‌లైటు కింద పెడితే ఆవలి వెలుగు కనిపించింది. సీడీలో ఆ పొర ఉండేది చీటీ వైపునే. దానికి పలుచని లక్కపూత తప్ప రక్షణ లేదు. కింది వైపు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంటుంది కనుక అక్కడ పడిన గీతను మెరుగుపెట్టి దారికి తేవచ్చు, పైన పొర ఊడితే ఇక చేయగలిగేదేమీ లేదు. నేను నానా మాటలూ అన్నాను. వాడు బదులు చెప్పకుండా ఆ పెచ్చులన్నీ ఏరి ఒక కవరులో దాచుకున్నాడు. ఆ కవరు సీడీల పెట్టెలోనే ఉంటుంది, చెత్త అనుకుని పారేయకు తల్లీ.

డీవీడీలో పొర రెండు పలకల మధ్య ఉంటుంది కనుక కొంత నయం. దుమ్ము తుడిచేటప్పుడు మెత్తని బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడువు, గుండ్రంగా రుద్దకు. సమాచారం చుట్లు చుట్లుగా సాగే గాడి వెంట పడిన గీతను సరిదిద్దుకోవడం డ్రైవుకు కష్టం.

పాటల సీడీలకు ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేరు వాడు. అనుమానమున్న చోటును అది మళ్లీ మళ్లీ చదువుతుంది కాబట్టి నెమ్మదిగా సాగుతుంది, విసుక్కోకు. చోటు ఆదా చేద్దామని ఎంపీ3 చేయకుండా ఫ్లాక్ అనే ఫైలు రూపంలో దాచుకో. 700 ఎంబీ సీడీ దాదాపు సగానికి తగ్గుతుంది, నాణ్యత పోదు. పెళ్లి డీవీడీలలో వీడియో_టీఎస్ ఫోల్డరును మొత్తంగా కాపీ చేయి. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి న్యాయమైన మేరకు వెసులుబాటు ఇస్తుంది. కొన్న పాటలను స్నేహితులకు పంచిపెట్టడం అందులోకి రాదు.

కాపీ అయిందని డిస్కులు పారేయకు. ఒకే హార్డ్ డిస్కును నమ్ముకోకుండా రెండోది మలక్‌పేటలో మా దగ్గర పెట్టు. ఆదివారం తెచ్చావంటే పెద్దమ్మ పులిహోర చేస్తుంది. ఆ వంకనైనా కనిపిస్తావు.

ఇట్లు,
పెద్దనాన్న