మున్నార్‌లో ఈల వేసే పిట్ట మన పాకాల అడవిలో కనిపిస్తుందా?

మీరు విన్నది మలబార్ విజిలింగ్ థ్రష్ అయి ఉంటుంది. దానికి తడి అడవి, కొండవాగులు కావాలి, ఆ వాగుల రాళ్ల మధ్యే ఎండ్రకాయలు, నత్తలు, పురుగులు ఏరుకుని తింటుంది కాబట్టి పాకాలలో దాని మీద ఆశ పెట్టుకోకండి. దూరం నుంచి నల్లగా ఉంటుంది కానీ వెలుగు పడితే నుదురు, భుజాలు నీలంగా తళుక్కుమంటాయి, ఎంత చూసినా తనివి తీరదు. పేరులో థ్రష్ ఉన్నా, ఇప్పుడు దాన్ని థ్రష్ పిట్టల కుటుంబం నుంచి తీసి, పురుగులు పట్టి తినే ఫ్లైక్యాచర్ పిట్టల కుటుంబంలో చేర్చారు.

అసలైన థ్రష్ కావాలంటే మన అడవుల్లోనే ఆరెంజ్ హెడెడ్ థ్రష్ కోసం వెతకండి. తల, ఛాతీ నారింజ రంగు, వీపు నీలిబూడిద, తెల్లటి చెంప మీద నిలువుగా రెండు నల్ల చారలు. మహా బిడియం దానికి! పొద్దున్నే వెదురు నీడలో కదలకుండా కూర్చోండి, ఎండుటాకులు ఎగరేస్తూ పురుగుల కోసం వెతుకుతుంటే ముందు ఆ చప్పుడే వినిపిస్తుంది.