బ్లూబొనెట్ విత్తనాలు మార్చిలో చల్లకండి

టెక్సస్ రాష్ట్ర పుష్పమైన నీలి బ్లూబొనెట్‌లు డాలస్ దగ్గర ఎక్కడ చూడాలి, మన పెరట్లో పెరుగుతాయా అని అడిగారు. చూడ్డానికి ఎన్నిస్ అనే ఊరు వెళ్లండి. ఏప్రిల్ మూడో వారం దాటనివ్వకండి, ఆ తర్వాత కాయలే మిగులుతాయి.

మా నాన్న గుంటూరు జిల్లా రైతు. ఇక్కడికి వచ్చినప్పుడు ఎన్నిస్ తీసుకెళ్లాను. ఆ ఆదివారం అక్కడ పూలకన్నా మనవాళ్ల పట్టుచీరలే ఎక్కువున్నాయి. నాన్న ఫొటోకి రాలేదు. రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని మట్టి నలుపుతున్నాడు. "ఒరేయ్, ఇది మన నల్లరేగడే!" అంటూ ఒక మొక్కని వేళ్లతో సహా పీకేశాడు. నాకు ఒకటే టెన్షన్. ఈ పువ్వు కోస్తే జైలే అని ఇక్కడ అందరూ అంటారు. నిజానికి దీనికంటూ ప్రత్యేక చట్టమేమీ లేదు. స్టేట్ పార్కుల్లో కోయకూడదు, ఎవరి పొలంలోనో దూరకూడదు, అంతే. నాన్న ఆ మొక్క వేళ్లకున్న బుడిపెలు చూపించాడు. "పిల్లిపెసర జాతిరా ఇది. భూమికి బలం." కాయ కూడా చిక్కుడు కాయలాగే ఉంటుంది, కానీ గింజలు విషం, పిల్లలు జాగ్రత్త.

అన్నట్టు, 1901లో రాష్ట్ర పుష్పంగా ఎంచుకున్నది వేరే బ్లూబొనెట్. మనం ఎగబడి ఫొటోలు దిగే ఈ రకాన్ని 1971లో గానీ చేర్చలేదు.

ఫొటోల గోల కూడా చెప్పాలి. పిల్లల్ని తీసుకెళ్లి పూల మధ్యలో కూర్చోబెట్టేస్తారు. నలిగిన మొక్క కాయ కాయదు, మరుసటేడు అక్కడ బోడిగుండే. ఆ రోజు ఒక పాప చీమలపుట్ట మీద కూర్చుంది. ఇక్కడి ఎర్రచీమ కుడితే మంటెత్తి చీముపొక్కు లేస్తుంది. అరగంట ఏడ్చింది పాపం.

ఇక పెరడు. మొదటిసారి మార్చిలో చల్లాను, ఒక్కటీ మొలవలేదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో చల్లాలి. గింజ రాయిలా ఉంటుంది, గరుకు కాగితం మీద కాస్త రుద్దండి. రోజంతా ఎండ తగలాలి, నీళ్లు నిలవకూడదు. చలికాలమంతా మొక్క నేలకి అంటుకుని చిన్న చక్రంలా ఉంటుంది. అది చూసి మా కాలనీ అసోసియేషన్ కలుపు తీయమని నోటీసు పంపింది! పీకలేదు. పూశాక కూడా గడ్డి మెషీన్ జోలికి పోకండి. మేలో కాయలు ఎండి టపటపా పేలేదాకా ఆగితే మళ్లీ విత్తనం కొనక్కర్లేదు.