నీళ్ల కింది ఇల్లు వెతకాలంటే

ప్రశ్న: మా అమ్మ పుట్టింది పాత నందికొట్కూరు తాలూకాలో, కృష్ణ ఒడ్డునున్న ఊళ్లో. 1981లో శ్రీశైలం డ్యామ్ నీళ్లకు ఆ ఊరు మునిగిపోయింది. “పీర్ల చావిడి దాటినాక మూడో మిద్దె, ఎదురుగా చేదబావి” అంటుంది అమ్మ. ఎండాకాలం నీళ్లు తగ్గితే గోడల మొదళ్లు బయటపడతాయట. ఈసారి ఆ చోటు అమ్మకు చూపించాలని ఉంది. గ్రామ నక్షా తీయించాను, అందులో ఒక్క ఇల్లూ లేదు. తాతయ్య పెట్టెలో నష్టపరిహారం నోటీసు మాత్రం దొరికింది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, నక్షాలో ఇళ్లు లేకపోవడం మామూలే. రైత్వారీ సర్వే చేసింది శిస్తు కోసం. పొలాలను గట్టు గట్టునా కొలిచి, ఇళ్లున్న చోటంతా గ్రామకంఠం అని ఒకే నంబరు వేసి వదిలేశారు. పైగా ఆ నక్షాలు మైలుకు పదహారు అంగుళాల స్కేలువి. అంటే అంగుళానికి 330 అడుగులు. మీ తాతగారి మిద్దె గీసి ఉన్నా పెన్సిల్ మొనంత చుక్కే అయ్యేది. అయినా దాన్ని దాచండి. గ్రామకంఠం ఆకారం, చుట్టూ ఉన్న సర్వే నంబర్లు, బండ్లబాట, వాగు అందులోనే నమ్మకంగా దొరుకుతాయి. ఎఫ్‌ఎంబీ (ఒక్కో పొలం కొలతలు రాసిన సర్వే పుస్తకం) నకలు కూడా తీసుకుంటే హద్దురాళ్ల మధ్య దూరాలు లింకుల్లో ఉంటాయి. వంద లింకులు ఒక చైను, అంటే 66 అడుగులు.

మీ చేతిలో ఉన్న అసలు ఆధారం ఆ నోటీసు. దాని మీద అవార్డు (పరిహారం తేల్చిన ఉత్తర్వు) నంబరు, తేదీ ఉన్నాయేమో చూడండి. అప్పట్లో భూసేకరణ జరిగింది 1894 చట్టం కింద. ఇంటికి డబ్బు కట్టివ్వాలంటే ఇంటిని కొలవక తప్పదు. యజమాని పేరు, పొడవు వెడల్పులు, గోడ రాయా మట్టా, పైకప్పు ఏమిటి, పెరట్లో చెట్లు, బావి, ఇవన్నీ రాసుకున్నాకే వెల కట్టేవారు. సర్వే శాఖలో నా ఉద్యోగకాలంలో నా చేతికొచ్చిన ఇలాంటి జాబితాలు వీధి వరసనే నడిచాయి, ఎందుకంటే కొలిచేవాళ్లు ఇంటింటికీ నడుచుకుంటూ పోయారు కాబట్టి. మీ తాతగారి పేరుకు పైనా కిందా ఉన్న పేర్లు ఇరుగుపొరుగువే అయ్యే అవకాశం ఎక్కువ. అవార్డు నంబరు రాసి, ఇళ్ల విలువ కట్టిన పట్టికల నకళ్లు కావాలని కలెక్టరేటుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. “మా ఇంటి వివరాలు” అని అడగొద్దు, ఊరి పట్టిక మొత్తం అడగండి. ఆ వీధిలో ఎవరి దగ్గరైనా పాత రిజిస్టర్డ్ దస్తావేజు ఉంటే చెక్కుబందీ, అంటే నాలుగు హద్దుల వివరం చూడండి. “తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర రస్తా” అన్న ఒక్క ముక్క చాలా పని చేస్తుంది.

ఆ పేర్లు పట్టుకుని పునరావాస కాలనీకి వెళ్లండి. పెద్దవాళ్లను “మా ఇల్లు ఎక్కడుండేది?” అని అడిగితే “అదో, ఆ పక్క” అని చెయ్యి చూపిస్తారు, అంతకుమించి రాదు. బావి నుంచి బిందెతో ఇంటికి ఎట్లా వచ్చేవారో చెప్పమనండి. ఏ మలుపు, ఎవరి అరుగు, ఎవరి కొట్టం అన్నీ వరసగా వస్తాయి. ఒక కాలనీలో ఊరి పెద్దాయన తన వీధే తడబడుతూ చెబుతుంటే, ఊరి బట్టలు ఉతికిన ఓ అవ్వ గుమ్మంలో కూర్చుని, ఇంటికి ఒక వేలు మడుస్తూ, వీధి రెండు వరసలూ చెప్పేసింది. ఎవరి గడపకు రెండు మెట్లో, ఎవరి ఇంట్లో పెరటి వైపు నుంచి పోవాలో కూడా. ప్రతి ఇంటికీ తిరగాల్సిన పని ఆమెది. మంగలి, తలారి, పోస్టు బంట్రోతు, ఇలాంటి ఇళ్లవాళ్లను తప్పకుండా కలవండి. ఒక్కొక్కరినీ విడిగా అడగండి, నలుగురూ కూర్చుంటే గట్టిగా మాట్లాడేవాళ్ల మాటే నిలుస్తుంది. అందరికంటే ముందు మీ అమ్మగారి చేత నేల మీద సుద్దముక్కతో వీధి గీయించి ఫోటో తీసుకోండి. నక్షా చూపించేది ఆ తర్వాతే.

గుడిని గుర్తుగా పెట్టుకుంటే మాత్రం జాగ్రత్త. ముంపు ప్రాంతం నుంచి కొన్ని ఆలయాలను రాయి రాయి విప్పి వేరేచోట కట్టారు, కూడవెల్లి సంగమేశ్వరాలయం ఇప్పుడు అలంపురంలో ఉంది. కాబట్టి ఎవరైనా “గుడికి తూర్పున” అంటే ఆ గుడి అప్పుడు ఎక్కడుందో ముందు తేల్చుకోండి. కదలని గుర్తు బావి. పూడిపోయినా రాతి ఒర అక్కడే ఉంటుంది.

నీటి సంగతి లెక్కతో తేలుతుంది. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. డ్యామ్‌కు ముందటి టోపోషీటులో (నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే పటంలో) యాభై అడుగులకో ఎత్తు గీత ఉంటుంది, మీ ఊరు 850 గీతకు ఏ పక్కన ఉందో చూస్తే ఏ మట్టానికి బయటపడుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఆ తర్వాత పేపర్లో రోజూ వేసే ప్రాజెక్టుల నీటిమట్టాలు గమనిస్తూ ఉండండి. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలు వెనక్కి జరిపి, నీళ్లు బాగా తగ్గిన ఎండాకాలాలు వెతకండి, గోడల మొదళ్లు సన్నటి గీతల్లా కనబడవచ్చు. అమెరికా కరోనా గూఢచారి ఉపగ్రహాలు 1960-72 మధ్య తీసిన ఫోటోలను 1995లో బయటపెట్టారు. మీ ఊరి మీదుగా తీసిన మంచి ఫోటో దొరికితే, మునగకముందు వీధులు ఎటు సాగాయో అందులో పోల్చుకోవచ్చు.

అమ్మగారిని తీసుకెళ్లే ముందు మీరొకసారి వెళ్లి రండి. ఒండ్రు పైకి ఎండినట్టు కనిపించినా లోపల మోకాటిలోతు దిగబడుతుంది. ఒడ్డున చేపలు పట్టేవాళ్లను వెంట తీసుకెళ్లండి. వలలు ఏ గోడలకు తగులుకుంటాయో వాళ్లకు తెలుసు, నేల ఎక్కడ గట్టిదో కూడా.