పాత భవనాలను నిలబెట్టే పనిలో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది విజయనగరం. నేను టీచర్‌ని. మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో ఏడాది. సాఫ్ట్‌వేర్ వద్దంటోంది. పాత భవనాలను కూల్చకుండా బలపరిచే రెట్రోఫిటింగ్‌లోకి వెళ్తానని, దానివల్ల కార్బన్ ఉద్గారాలు తగ్గుతాయని చెబుతోంది. రిపేర్ల కోసం ఇంత చదువు ఎందుకని మా టెన్షన్. గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ కోర్సు మంచిదా, స్ట్రక్చర్స్‌లో ఎంటెక్ మంచిదా?

జవాబు: మాస్టారూ, కోర్సుల సంగతి తర్వాత చూద్దాం. ఆడపిల్ల సైట్లో దుమ్ములో తిరగాలేమో, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం ఉద్యోగమని చెప్పుకోవాలో అన్నది మీ అసలు బెంగ. సివిల్ చదివే అమ్మాయిల తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగేది ఇదే.

అమ్మాయి చెప్పింది నిజం. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటు తయారీదే. బట్టీలో బొగ్గు మానేసినా సమస్య తీరదు, ఎందుకంటే సిమెంటుకు వాడే సున్నపురాయి కాలినప్పుడు ఆ రాయిలోంచే ఈ వాయువు వస్తుంది. సిమెంటు, ఇనుము ఎక్కువగా పోయేది పునాది, స్తంభాలు, స్లాబుల్లోనే. వాటిని నిలబెట్టుకుంటే ఆ మేరకు కొత్త సరుకు అక్కర్లేదు.

ఇక రిపేర్ల సంగతి. భోగాపురం, కళింగపట్నం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో స్లాబు పెచ్చులూడటం మీరూ చూసే ఉంటారు. ఉప్పు కాంక్రీటులోకి దిగి ఊచను తినేస్తుంది. తుప్పు ఉబ్బి పైపొరను తోసేస్తుంది. చాలామంది దానిమీద ప్లాస్టరింగ్ చేయించి ఊరుకుంటారు, లేదంటే మొత్తం కూల్చేస్తారు. తుప్పు ఎంత లోతుకు పోయింది, ఊచ ఎంత మిగిలింది, స్తంభానికి జాకెటింగ్ (చుట్టూ కొత్త తొడుగు వేయడం) చాలుతుందా అన్నది ఊచను పరీక్షించి, రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలతో కాంక్రీటు ఎలా ఉందో చూసి, లెక్క కట్టి చెప్పాలి. ఒక్కోసారి కూల్చక తప్పదని ధైర్యంగా చెప్పాల్సిందీ ఆ ఇంజనీరే. కొత్త భవనానికి డ్రాయింగ్ చేతిలో ఉంటుంది. నలభై ఏళ్ల భవనానికి చాలాసార్లు అదీ దొరకదు. ఇది కొత్తది కట్టడం కన్నా కష్టమైన ఇంజనీరింగ్. దాన్ని చిన్నచూపు చూసే మాట అమ్మాయి ముందు ఇంకెప్పుడూ అనకండి. పాఠాలు చెప్పే మీరే అలా అంటే ఆ పిల్ల ఎవరితో చెప్పుకుంటుంది?

చుట్టాలు అడిగితే ఫ్రాన్స్‌కు చెందిన ఆర్కిటెక్టులు లకటాన్, వసాల్ గురించి చెప్పండి. అక్కడి బోర్డో నగరంలో 530 పాత ఫ్లాట్లను కూల్చకుండా, అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించకుండా పెద్దవి చేసిన బృందం వాళ్లది. ఆర్కిటెక్చర్‌లో అన్నిటికన్నా పెద్దదైన ప్రిట్జ్‌కర్ బహుమతి 2021లో వాళ్లకే వచ్చింది.

గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ల మీద మాత్రం నాకు అనుమానాలున్నాయి. భవనం పర్యావరణానికి ఎంత మేలో చూసి ఇచ్చే ఈ రేటింగుల పనిలో ఎక్కువ భాగం కొత్త భవనాలకు పాయింట్లు లెక్కేసి కాగితాలు సిద్ధం చేయడమే. డిగ్రీ కాగానే అదొక్కటే పట్టుకుని వెళ్లినవాళ్లు ఆ ఫైళ్ల దగ్గరే ఆగిపోవడం చూస్తున్నాను. 'ఉద్యోగం గ్యారంటీ' అని ఫీజు వసూలు చేసే ఇన్‌స్టిట్యూట్లంటే నాకు ఒళ్లుమంట. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ పెట్టే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష విలువైనదే, కానీ దానికి ఇంజనీర్లకు కూడా మూడేళ్ల అనుభవం కావాలి. ఇప్పుడే కోచింగ్‌కు డబ్బు కట్టకండి.

కాబట్టి ఎంటెక్ స్ట్రక్చర్సే. ఐఐటీ, ఎన్ఐటీల్లో సీటొస్తే సరే, రాకపోతే రెండేళ్లు పనిచేసి గేట్ పరీక్ష మళ్లీ రాయొచ్చు. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ అంత రాదు. విజయనగరంలో ఇలాంటి ఉద్యోగాలు తక్కువ, విశాఖ, చెన్నై, హైదరాబాద్ వెళ్లాలి. అయినా పని కరువుండదు. మన ఊళ్లలో 1980, 90ల్లో లేచిన అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రులు, బళ్లు ఇప్పుడే మరమ్మతు వయసుకొస్తున్నాయి. వాటన్నిటినీ కూల్చి కట్టే స్తోమత ఎవరికీ లేదు.

ఈ వేసవిలో అమ్మాయిని విశాఖలో పాత కట్టడాల పరీక్షలు చేసే స్ట్రక్చరల్ కన్సల్టెన్సీలో ఇంటర్న్‌షిప్‌కు పంపండి. స్టైపెండ్ ఇవ్వకపోయినా పర్లేదు. సేఫ్టీ బూట్లు మాత్రం మంచివి కొనివ్వండి. నెల తర్వాత కూడా ఆ పనే ఇష్టమంటే, ఇంట్లో సాఫ్ట్‌వేర్ మాట ఎత్తకండి.