గోపురాలకీ తలకోనకీ ఏ వైడ్ లెన్స్? 14-30నా, 14-24నా?

మీది తిరుపతి, చేతిలో నికాన్ జెడ్5 కెమెరా, 24-120 ఎఫ్4 లెన్స్ ఉన్నాయి (ముందు అంకెలు ఎంఎంలో, అవి ఎంత చిన్నవైతే అంత వెడల్పుగా పడుతుంది; ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు). గుళ్లు, తలకోన జలపాతం, అప్పుడప్పుడు చుట్టాల పెళ్లిళ్లు తీస్తానన్నారు. 14-24 ఎఫ్2.8, 14-30 ఎఫ్4, 20 ఎఫ్1.8 ప్రైమ్ (జూమ్ లేనిది), ఈ మూడింట్లో ఏది కొనాలి, లేక పాత క్రాప్ కెమెరా (చిన్న సెన్సర్ ఉన్నది) 10-20 లెన్స్‌తోనే సర్దుకోవచ్చా అని అడిగారు. నేనైతే 14-30 అంటాను. నేను వాడేదీ అదే కాబట్టి కాస్త పక్షపాతం ఉందనుకున్నా పర్లేదు, లెక్క చెప్తాను చూడండి.

గోపురం ముందు నిలబడి కెమెరా పైకెత్తితే గోపురం వెనక్కి వాలిపోతున్నట్టు వస్తుంది. నిలువు గీతలు నిలువుగా రావాలంటే కెమెరాను నిలువు ఫ్రేములో, ముందుకీ వెనక్కీ వంచకుండా పట్టాలి. అప్పుడు గోపురానికి మిగిలేది ఫ్రేములో పై సగమే. వంద అడుగుల గోపురం అనుకోండి. కళ్ల ఎత్తులో కెమెరా పెడితే, కలశాల దాకా పట్టడానికి 24 ఎంఎంలో సుమారు 127 అడుగులు వెనక్కి వెళ్లాలి. 20లో 106, 16లో 84, 14లో 74 చాలు. గోవిందరాజస్వామి గుడి ముందు అంగళ్లు, ఆటోలు, జనం మధ్య తిరిగినవాళ్లకి ఆ యాభై అడుగుల తేడా అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కింద సగం వట్టి నేల వస్తుంది, దాన్ని కోసేయడమే. 24 మెగాపిక్సెల్స్ ఉన్నాయి, కోసినా ప్రింటుకి సరిపోతుంది. కెమెరాలో లెవెల్ గీత ఆన్ చేసుకుంటే పని సులువు.

చంద్రగిరి కోటలో ఈ గొడవ లేదు. రాజమహల్ చుట్టూ కావలసినంత ఖాళీ ఉంది, మీ 24-120 చాలు. ట్రైపాడ్‌కి మాత్రం పురావస్తు శాఖ అనుమతి కావాలి.

తలకోన దగ్గర కథ వేరు. వైడ్ లెన్స్ దూరంగా ఉన్నవాటిని బాగా చిన్నవి చేసేస్తుంది. 270 అడుగుల జలపాతం కూడా 14లో రాతిగోడ మీద సుద్దముక్కతో గీసిన గీతలా మిగులుతుంది. "అంతా పట్టేద్దాం" అని 14 పెట్టినవాళ్లు నిరాశపడేది ఇక్కడే. ముందు భాగంలో ఏదో ఒకటి పెద్దగా ఉండాలి: తడి బండ, చెట్టు వేరు, నీటి పాయ, ఏదైనా సరే. వంగి దాని దగ్గరికి వెళ్లండి. 14 ఎంఎం, ఎఫ్8 పెట్టి సుమారు 80 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే మూరెడు దూరం నుంచి జలపాతం దాకా స్పష్టంగానే వస్తుంది. బండలు జారతాయి, లెన్స్ కంటే ముందు మంచి చెప్పులు చూసుకోండి.

14-30 గెలిచేది కూడా అక్కడే. దాని ముందు 82 ఎంఎం ఫిల్టర్ నేరుగా బిగించుకోవచ్చు. 14-24కి హుడ్ మీద పెట్టే 112 ఎంఎం ఫిల్టర్లు కావాలి, అవి వేరే ఖర్చు. నీళ్లు సాగినట్టు రావాలంటే ఎన్‌డీ (వెలుతురు తగ్గించే ఫిల్టర్), బండల మీద మెరుపు పోవాలంటే పోలరైజర్ తప్పదు. 82 సైజులో ఒక్క సెట్ కొని, 77 ఎంఎం లెన్స్‌కి 82 ఫిల్టర్ పట్టించే స్టెప్-అప్ రింగ్ వేస్తే మీ 24-120కీ అవే పనికొస్తాయి. ఆకాశం ఎక్కువగా ఉన్న ఫ్రేములో మాత్రం పోలరైజర్ తీసేయండి. ఇంత వెడల్పులో నీలం ఒక పక్క ముదురుగా, ఇంకో పక్క వెలిసిపోయినట్టు వస్తుంది. బరువు కూడా చూడండి: 14-30 485 గ్రాములు, 14-24 650.

ఎఫ్2.8 అంటే ఎఫ్4 కంటే రెట్టింపు వెలుతురు, కాదనను. కానీ గోపురం, జలపాతం ఎలాగూ ఎఫ్8లో తీస్తాం. రాత్రి చుక్కలు తీయాలనే పిచ్చి ఉంటే 20 ఎఫ్1.8 కొనండి, అది ఎఫ్4 కంటే దాదాపు అయిదు రెట్ల వెలుతురు పట్టుకుంటుంది.

పెళ్లిలో గ్రూప్ ఫొటోకి 14 వద్దే వద్దు. అంచున నిలబడ్డ వాళ్లు అడ్డంగా సాగిపోతారు, ఆ అంచున ఉండేది ఎప్పుడూ పెళ్లికొడుకు మేనత్తే! గ్రూపులకి 24 పైనే వాడండి. మంటపం అలంకరణకి, ఇరుకు గదిలో పెళ్లికూతురి ముస్తాబుకి వైడ్ బాగుంటుంది.

10-20 క్రాప్ లెన్స్ మీ జెడ్5కి అడాప్టర్‌తో ఎక్కుతుంది. కానీ కెమెరా బాడీ దానంతటదే సెన్సర్ మధ్య భాగాన్నే వాడే క్రాప్‌లోకి వెళ్లి, 24 మెగాపిక్సెల్స్ కాస్తా పదికి పడిపోతాయి. ఫేస్‌బుక్‌కి చాలు, గోడకి ఫ్రేము కట్టించుకోవడానికి తక్కువే.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే మీ బాడీ వెంట తీసుకెళ్లండి. ఇటుక గోడకి ఎదురుగా నిలబడి ఎఫ్4లో తీసి నాలుగు మూలలూ పెద్దది చేసి చూడండి. ఒక మూల మిగతా వాటికంటే మసగ్గా ఉంటే ఎంత తగ్గించినా వద్దనండి. 14-30 వాడే ముందు జూమ్ రింగ్ తిప్పి లెన్స్‌ను తెరవాలి. అది తిరిగేటప్పుడు ఎక్కడా పట్టేయకూడదు, ముందు గాజు వెనక బూజు కూడా ఉండకూడదు.