డిస్నీ వరల్డ్‌లో వారం భోజనాలు: పదకొండు బుకింగుల్లో ఏ మూడు ఉంచాలి?

ప్రశ్న: ఇండియా నుంచి మా అత్తగారు, మామగారు వచ్చారు. అందరం కలిసి అక్టోబర్‌లో ఫ్లోరిడా వెళ్తున్నాం. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లోనే వాళ్ల హోటల్లో ఆరు రాత్రులు, ఏడు రోజులు ఉంటాం. మా ఇద్దరితో పాటు పాప (ఈ మధ్యే పదేళ్లు నిండాయి), ఐదేళ్ల బాబు, అత్తగారు, మామగారు, మొత్తం ఆరుగురం. అత్తగారు శాకాహారి, మామగారికి షుగర్. బీఫ్, పోర్క్ ఎవరం తినం. తిండికి 2,500 డాలర్లు పక్కన పెట్టాను. మా వారు మాత్రం "మంచి రెస్టారెంట్లు" అని నెట్‌లో చూసి పదకొండు చోట్ల బుక్ చేశారు. లెక్క వేస్తే 4,200 దాటుతోంది. తేడా ఎమర్జెన్సీ ఫండ్ నుంచి తీద్దామంటారు, లేకపోతే డైనింగ్ ప్లాన్ (భోజనాలకు ముందే డబ్బు కట్టేసే డిస్నీ ప్యాకేజీ) కొందామంటారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఎమర్జెన్సీ ఫండ్ సంగతి తేల్చేద్దాం. దాన్ని ముట్టుకోవద్దు. ఉద్యోగం పోయినా, ఆస్పత్రి ఖర్చు వచ్చినా ఆదుకునే డబ్బు అది. మిక్కీతో భోజనం ఆ లెక్కలోకి రాదు. క్రెడిట్ కార్డు మీద పెట్టి నెమ్మదిగా కడదామన్నా, 22 శాతం వడ్డీ వేసుకుంటే ఆ 1,700 మీద మొదటి నెలకే 31 డాలర్లు పోతుంది. కాబట్టి 2,500 అన్నది అక్కడే ఉండనివ్వండి. అది తక్కువేమీ కాదు. మీ ఆరుగురికి అందులో బాగానే జరుగుతుంది, ఐస్‌క్రీములతో సహా.

మీ వారి లిస్టు చూశాను. సిండరెల్లాస్ రాయల్ టేబుల్, బీ అవర్ గెస్ట్, షెఫ్ మిక్కీస్ (రాత్రి), టస్కర్ హౌస్, బోమా, సనా, లె సెలియర్, స్పేస్ 220, బీర్‌గార్టెన్, వియా నాపోలి, ఫిఫ్టీస్ ప్రైమ్ టైమ్. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ చెడ్డది కాదు. ఇబ్బందల్లా అవి ఎవరికి మంచివన్న దగ్గరే. లె సెలియర్‌కి పేరు తెచ్చింది స్టేకు. బీర్‌గార్టెన్ జర్మన్ బఫే, అక్కడ సందడంతా సాసేజీలదీ బ్యాండుదీ. మీ ఇంట్లో బీఫ్, పోర్క్ తినేవాళ్లే లేరు. వేరేవాళ్ల నాలుకకు నచ్చినవాటిని మీ డబ్బుతో కొనుక్కుంటున్నారన్నమాట.

ఇప్పుడు బిల్లు సంగతి. మెనూలో కనిపించే ధర వేరు, మీరు కట్టేది వేరు. మీ కుటుంబం విషయంలో ఈ తేడా ఇంకాస్త పెద్దది. డిస్నీ లెక్కలో పిల్లలంటే 3 నుంచి 9 ఏళ్లు. మూడేళ్ల లోపు పిల్లలకు బఫేల్లో డబ్బు తీసుకోరు. పదేళ్లు నిండితే పెద్దవాళ్లే. అంటే మీ పాప రెండు స్పూన్ల పాస్తా, ఒక స్ట్రాబెర్రీ తిన్నా పెద్దవాళ్ల ధర పడుతుంది. ఇక ఆరుగురు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే 18 శాతం టిప్ వాళ్లే బిల్లులో వేసేస్తారు. మీరు సరిగ్గా ఆరుగురు. దానిమీద 6.5 శాతం సేల్స్ టాక్స్.

మిక్కీ లాంటి కార్టూన్ పాత్రల వేషంలో ఉన్నవాళ్లు బల్ల దగ్గరకు వచ్చి పలకరించే భోజనాల్లో, రాత్రిపూట చాలాచోట్ల పెద్దవాళ్లకు తలకు 60 డాలర్లు దాటుతుంది. లెక్క కోసం 65 అనుకుందాం, పిల్లలకు 42. ఐదుగురు పెద్దలు, ఒక బాబు: 367. టాక్సు, టిప్పు కలిపితే 457. మెనూలో 65 చూసి కూర్చుంటే, లేచేసరికి సగటున మనిషికి 76 అవుతుంది, బాబుని కలుపుకున్నా సరే. ఇలాంటివి వారంలో నాలుగు పెట్టుకుంటే మీ బడ్జెట్‌లో మూడు వంతులు అక్కడే అయిపోతుంది.

టిప్పు గురించి ఇంకో మాట. 18 శాతం వేసేశాక కూడా రసీదు మీద "అదనపు టిప్" అని ఒక ఖాళీ గీత ఉంటుంది. ఎండలో తిరిగి అలసిపోయి, పిల్లలు ఏడుస్తూ ఉంటే, పైన ఏముందో చూడకుండా అక్కడ మళ్లీ ఇరవై శాతం రాసేవాళ్లు ఉన్నారు. నేనూ ఒకసారి రాశాను. ఆర్థిక సలహాదారుణ్ణి అని చెప్పుకుంటూ!

బఫే విషయంలో కూడా నాకో అనుభవం ఉంది. ఆ రెస్టారెంటు పేరెందుకులెండి. మా పిల్లలు ఇద్దరూ పుచ్చకాయ ముక్కలు, మ్యాకరోనీ తప్ప ఏమీ ముట్టలేదు. మా అమ్మ "ఇందులో ఏముందో అందులో ఏముందో" అంటూ సలాడ్‌తో సరిపెట్టుకుంది. అందరికీ పూర్తి ధర కట్టాను. అప్పటినుంచి తలకు ఇంత అని ధర ఉన్న చోటికి వెళ్లే ముందు ఒకటే చూసుకుంటాను: మాలో ఎంతమంది ఆ ధరకు తగ్గట్టు తింటారు? మీ ఇంట్లో నిజాయితీగా చెప్పాలంటే మీ వారొక్కరే. మిగతావాళ్లకు ఎవరికి కావలసింది వాళ్లు ఆర్డర్ చేసుకునే చోటే లాభం.

ఇదే లెక్క డైనింగ్ ప్లాన్‌కూ వర్తిస్తుంది. 2024 జనవరిలో ఈ ప్లాన్ తిరిగి వచ్చినప్పుడు పెద్ద ప్లాన్ ధర రాత్రికి పెద్దవాళ్లకు 94.28, పిల్లలకు 29.69. చిన్నది, అంటే కౌంటర్ దగ్గర తీసుకునే భోజనాలకే పనికొచ్చేది, 57.01, 23.83. ఆ తర్వాత ధరలు మారాయి కాబట్టి మీ తేదీలకు ఎంతో డిస్నీ సైట్లో చూసుకోండి. ఆ పాత ధరలతోనే చూసినా మీకు ఆరు రాత్రులకు పెద్ద ప్లాన్ 3,006 డాలర్లు అవుతుంది. అందులో రోజుకు ఒక కౌంటర్ భోజనం, ఒక టేబుల్ భోజనం, ఒక చిరుతిండి. మూడో పూట మీదే, టిప్పు కూడా మీదే. పెద్దవాళ్ల లెక్కలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ కొనాల్సిందే, అత్తగారిని వదిలేస్తామంటే కుదరదు. పైగా 21 ఏళ్లు దాటినవాళ్లకు భోజనంతో మద్యం గ్లాసు కూడా ఆ ధరలో కలిసి ఉంటుంది. అలవాటు లేనివాళ్లు మిల్క్‌షేక్‌తో రాబట్టుకోవచ్చు గానీ, షుగర్ ఉన్న మామగారికి రోజూ మిల్క్‌షేక్ తాగించి డబ్బు గిట్టించుకోలేం కదా. ఖరీదైనవి తిని, తాగే నలుగురు పెద్దవాళ్లయితే ప్లాన్ గురించి ఆలోచించమనేవాణ్ణి. మీకు వద్దు.

ఇంకో ఖర్చు ఉంది, అది ఏ బిల్లులోనూ కనిపించదు. టికెట్టు మనిషికి రోజుకు 120 చొప్పున పడిందనుకోండి, ఆరుగురికి 720. పార్కులో పన్నెండు గంటలు గడిపితే గంట ఖరీదు 60 డాలర్లు. పార్కులోంచి బయటకు వచ్చి, బస్సెక్కి వేరే హోటల్లో భోంచేసి వెనక్కి వెళ్లేసరికి రెండున్నర గంటలు సులువుగా పోతాయి. అంటే 150 డాలర్ల పార్కు సమయం. అందుకే పెద్ద భోజనాలు టికెట్టు లేని రోజుకు పెట్టుకోవాలి: దిగిన రోజు, విశ్రాంతి రోజు, బయల్దేరే రోజు. (ఫ్లోరిడా ఎండలో మధ్యాహ్నం గంటసేపు ఏసీలో కూర్చోవడాన్ని నష్టం కింద రాసుకోకండి. మామగారు ఉన్నారు, అది అవసరం. దానికి కౌంటర్ రెస్టారెంటు లోపలి కుర్చీలు చాలు.)

ఈ లెక్కన పదకొండులో మూడు ఉంచుతాను.

మొదటిది సనా. ఇది పార్కులో కాదు, యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే హోటల్లోని కిడానీ విలేజ్‌లో ఉంది, పార్కు టికెట్టు అక్కర్లేదు. ఆఫ్రికన్ వంటకు మన మసాలాలు కలిసిన చోటు. నాన్ లాంటి రొట్టెలు, నంజుకోవడానికి పచ్చళ్లు, రైతా లాంటివి వస్తాయి. మీ అత్తగారు మెనూ చదివి అయోమయపడని రెస్టారెంటు ఆ లిస్టులో బహుశా ఇదొక్కటే. కిటికీ బయట గడ్డిమైదానంలో జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటాయి. చీకటి పడితే అవి కనిపించవు, కాబట్టి మీ వారు రాత్రి ఎనిమిదికి చేసిన బుకింగును విశ్రాంతి రోజు సాయంత్రానికి, వెలుతురు ఉండగానే మార్చమనండి. 300 కేటాయించండి. నన్నడిగితే ఈ వారం మొత్తంలో డబ్బుకు తగ్గ భోజనం ఇదే.

రెండోది షెఫ్ మిక్కీస్, కానీ రాత్రి వద్దు, ఉదయం. మిక్కీ, మిన్నీ, డోనాల్డ్, గూఫీ, ప్లూటో ఉదయమూ వాళ్లే, ధర మాత్రం తక్కువ. పెద్దలకు 55, బాబుకు 35 అనుకుంటే అన్నీ కలిపి 386. రాత్రి లెక్కతో పోలిస్తే 71 మిగులు. ఇది ఉన్న కాంటెంపరరీ హోటల్ లోపలినుంచే మోనోరైలు వెళ్తుంది, అది చూడ్డానికి పైసా అక్కర్లేదు, మామగారికి మిక్కీ కన్నా అదే నచ్చొచ్చు. బయల్దేరే రోజు ఉదయం పెట్టుకోండి. ఆలస్యంగా, కడుపునిండా తింటే ఆ మధ్యాహ్నం భోజనం కూడా తప్పుతుంది. ఒకవేళ పాప సిండరెల్లా కోటలోనే తినాలని పట్టుబడితే అందులోని రాయల్ టేబుల్‌కు వెళ్లండి, అప్పుడు మిక్కీని రద్దు చేయండి. రెండూ మాత్రం కాదు. ముందు పాపను అడగండి, పదేళ్ల పిల్లలకు రాకుమార్తెల మీద మోజు ఉంటుందో లేదో మనం ఊహించలేం.

మూడోది ఎప్కాట్ పార్కులో ఇటలీ పెవిలియన్‌లోని వియా నాపోలి. పెద్ద పిజ్జాలు పంచుకోవచ్చు, శాకాహారం గురించి వివరించి చెప్పక్కర్లేదు, పిల్లలు గొడవ చేయరు. అక్కడి మూడు పొయ్యిలకు ఎట్నా, వెసూవియో, స్ట్రాంబోలి అని ఇటలీ అగ్నిపర్వతాల పేర్లు పెట్టారు. బాబుకి అదే కథ అవుతుంది. 250 చాలు.

మూడూ కలిపి 936. మిగిలింది 1,564. గదిలో ఉదయం టిఫిన్‌కి పాలు, పండ్లు, బ్రెడ్, ఓట్స్ సరుకులు హోటల్‌కే తెప్పించుకుంటే 150 అనుకుందాం. ఇంకా పన్నెండు పూటలు కౌంటర్ భోజనం. పెద్దలకు 16, బాబుకు 9 వేసుకుంటే, టాక్సుతో పూటకు 95. ఇక్కడ టిప్పు లేదు. పన్నెండు పూటలకు 1,140. అప్పటికీ 270 పైచిలుకు మిగులుతుంది, రోజుకు 39 డాలర్ల ఐస్‌క్రీములు, పాప్‌కార్న్.

కౌంటర్ భోజనం అంటే బర్గర్ ఒక్కటే కాదు. యానిమల్ కింగ్‌డమ్‌లో సాటులి క్యాంటీన్‌లో అన్నం, కూరగాయలతో బౌల్స్ ఇస్తారు, టోఫు కూడా ఉంటుంది. నా దృష్టిలో లిస్టులోని సగం టేబుల్ రెస్టారెంట్ల కన్నా ఇదే మేలు. మెనూలో ఆకు గుర్తు ఉంటే అది మొక్కల నుంచి వచ్చిన పదార్థాలతోనే చేసింది, అత్తగారికి ఆ గుర్తు చూపించండి. మెనూలన్నీ ధరలతో సహా వాళ్ల సైట్లో ఉంటాయి. డిస్నీ యాప్‌లో ముందే ఆర్డర్ పెడితే క్యూ తప్పుతుంది. మంచినీళ్ల సీసాలు కొనకండి, డ్రింకులు పోసే కౌంటర్ దగ్గర అడిగితే ఐసు నీళ్లు ఉచితంగా ఇస్తారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు: డిస్నీ వరల్డ్ పార్కుల్లోకి ఇంటి తిండి తీసుకెళ్లవచ్చు. గాజు సీసాలు, మద్యం, విడి ఐసు కుదరవు. కూలర్ 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు దాటకూడదు. వేడి చేయాల్సిన పని లేనివే తేవాలి. పులిహోర డబ్బా, మామగారికి వేళకు తినడానికి ఏదో ఒకటి బ్యాగులో పెట్టుకోండి. షుగర్ ఉన్నవాళ్లను ఒంటిగంట క్యూలో నిలబెట్టడం కన్నా ఇది ఎంతో నయం.

ఖర్చు చేయి దాటకుండా ఉండాలంటే 2,200 డిస్నీ గిఫ్ట్ కార్డులుగా కొనేసి, తిండికి ఆ కార్డే వాడండి. డిస్నీ స్ప్రింగ్స్‌లో (షాపులు, రెస్టారెంట్లు ఉండే చోటు) అన్నిచోట్లా అది చెల్లదు, మిగతా 300 సరుకులకు, అలాంటి చోట్లకు ఉంచుకోండి. రాత్రి గదికి వచ్చాక బ్యాలెన్స్ ఒకసారి చూసుకుంటే చాలు.

ఇక ఆ ఎనిమిది బుకింగులు. వాటిని "చూద్దాం" అని అలాగే ఉంచేస్తే, వెళ్లని పూటకు మనిషికి 10 డాలర్లు, అంటే ఆరుగురికి 60 కార్డు మీద పడే చోట్లే ఎక్కువ. రద్దు గడువు చాలాచోట్ల రెండు గంటల ముందు వరకు ఉంటుంది, కొన్నిచోట్ల ఎక్కువ, బుకింగ్ ఈమెయిల్లో రాసి ఉంటుంది. ఇవాళ రాత్రి మీ వారి పక్కన కూర్చుని ఎనిమిదీ రద్దు చేయించండి. స్పేస్ 220 దగ్గర ఆయన కాస్త బేరమాడతారు. అంతరిక్షంలోకి వెళ్తున్నట్టుండే ఆ లిఫ్టు మీదే మనసైతే, మీరిద్దరే ఒక మధ్యాహ్నం అక్కడి లాంజ్‌కి వెళ్లి, కావలసినవి ఒకటి రెండు ఆర్డర్ చేసుకుని రండి. పిల్లలు అత్తగారి దగ్గర ఉంటారు. ఆ డబ్బు ఐస్‌క్రీముల 270లోంచి తీయండి.