షెడ్డు సందేహాలు: మట్టి తగలగానే ఆగిపోయే టిల్లర్

ప్రశ్న: మేస్త్రి గారూ, మొయినాబాద్ దగ్గర మాకు రెండెకరాల జామ తోట ఉంది. 22 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ వాడుతున్నాం. కొమ్మలు కిందికి వంగి ఉండటంతో మొదళ్ల దగ్గరికి బండి పోదు, కూలీలతో తవ్వించాల్సి వస్తోంది. పాత సామాన్లలో నాలుగడుగుల హైడ్రాలిక్ టిల్లర్ దొరికితే కొని, ట్రాక్టర్ పక్కకు వచ్చేలా బిగించి, ట్రాలీ లేపే పైపులకు కలిపాం. గాలిలో మెల్లగా తిరుగుతోంది. మట్టికి ఆనగానే ఆగిపోయి, ఈల వేసినట్టు చప్పుడు. ఇంజన్ మీద మాత్రం బరువు పడినట్టే లేదు. టిల్లర్ ప్లేటు మీద 60 ఎల్‌పీఎం (నిమిషానికి 60 లీటర్ల ఆయిల్), 200 ఆర్‌పీఎం (నిమిషానికి 200 చుట్లు) అని ఉంది. ట్రాక్టర్ పుస్తకంలో పంపు 18 ఎల్‌పీఎం, ప్రెషర్ 150 బార్ అని రాశారు. మోటార్ పాడైందంటారా?
– ఒక పాఠకుడు, మొయినాబాద్

జవాబు: మోటార్ జోలికి పోకండి, విప్పితే సీళ్లు దండగ. మీ ఉత్తరంలో అసలు మాట ‘ఇంజన్ మీద బరువు పడినట్టే లేదు’ అన్నది. ఇంజన్‌లో బలం ఉంది, అది టిల్లర్ దాకా రావడం లేదు. ఆ ఈల రిలీఫ్ వాల్వుది. రోటర్ (బ్లేడ్లు తిప్పే ఇరుసు) ఆగిపోగానే ప్రెషర్ పెరిగి వాల్వు తెరుచుకుంటుంది, ఆయిల్ అటునుంచి అటే ట్యాంకులోకి పోతుంది. ఆ శక్తంతా వేడిగా మారుతుంది. చాలా ట్రాక్టర్లలో హైడ్రాలిక్‌కూ గేర్‌బాక్సుకూ ఆయిల్ ఒకటే కాబట్టి, ఇలాగే లాగిస్తే రేపు గేర్లకూ తిప్పలే.

లెక్క చిన్నదే. ఎల్‌పీఎంని బార్‌తో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. మీ ట్రాక్టర్ పంపు 18 × 150 ÷ 600, అంటే 4.5 కిలోవాట్లు, సుమారు 6 హెచ్‌పీ. అదే 150 బార్ దగ్గర 60 ఎల్‌పీఎం అడిగే టిల్లర్‌కు 15 కిలోవాట్లు, అంటే 20 హెచ్‌పీ కావాలి. 200 చుట్లు తిరగాల్సిన రోటర్ 18 ఎల్‌పీఎంతో 60 చుట్లు కూడా తిరగదు. ఇంటి మీది ట్యాంకు నల్లాతో వరి మడి పారించినట్టు ఉంది వ్యవహారం. ట్రాలీ జాకీకి ఆ ఆయిల్ సరిపోతుంది, ఎందుకంటే అది మెల్లగా లేచినా అడిగేవాడు లేడు.

రోటవేటర్ పుట్టిందే ఇంజన్ నుంచి నేరుగా షాఫ్ట్ తీసుకుని. ఆస్ట్రేలియాలో హోవర్డ్ అనే కుర్రాడు 1912లో వాళ్ల నాన్న స్టీమ్ ట్రాక్టర్ షాఫ్టుకు కలిపి మొదటి ప్రయోగాలు చేశాడు. మట్టి పక్కలకు చిమ్ముతోందని తర్వాత ఎల్ ఆకారం బ్లేడ్లు పెట్టాడు, ఈనాటికీ అవే నడుస్తున్నాయి. గేర్లతో పోయే దారిలో నష్టం తక్కువ. ఆయిల్ దారిలో పంపు దగ్గర కొంత, మోటార్ దగ్గర కొంత, మొత్తం నాలుగో వంతు పైనే పోతుంది. అందుకే సాళ్ల మధ్య దున్నడానికే అయితే ఆ టిల్లర్‌ను అమ్మేసి, ట్రాక్టర్ వెనక తిరిగే షాఫ్టుకు (పీటీవో) తగిలించే చిన్న రోటవేటర్ కొనుక్కోండి అనేవాణ్ణి. కానీ మీకు కావలసింది కొమ్మల కింద పని. పక్కకు జరిగిన చోటికి షాఫ్ట్ వంగి రాదు, పైపు వస్తుంది. కాబట్టి మీ ఆలోచన సరైనదే, ఆయిల్ తీసుకున్న చోటే తప్పు.

ట్రాక్టర్ పంపును దాని మానాన వదిలేయండి, లేపడానికీ దించడానికీ ఉంటుంది. వెనక పీటీవోకు వేరే పంపు పెట్టాలి. పీటీవో నిమిషానికి తిరిగే 540 చుట్లు గేర్ పంపుకు చాలవు, ఒకటికి మూడు పెంచే గేర్‌బాక్సు మధ్యలో కావాలి. అప్పుడు 1620 చుట్లు. ఒక్కో చుట్టుకు 28 సీసీ ఆయిల్ తోసే పంపు అయితే లీకేజీ పోను 42 ఎల్‌పీఎం చేతికొస్తుంది. మీ పీటీవో దగ్గర 18 హెచ్‌పీ దాకా ఉంటుందనుకుంటే ఈ పంపు అందులో దాదాపు అంతా తినేస్తుంది, రోటర్‌కు చేరేది 12 హెచ్‌పీ. 42 ఎల్‌పీఎంతో 200 చుట్లు రావాలంటే మోటార్ కూడా 200 సీసీది వేయాలి, ఇప్పుడున్నది 300 సీసీ ఉండొచ్చు.

పన్నెండు హెచ్‌పీతో నాలుగడుగులు దున్నుతానంటే కుదరదు. చెట్టు వైపు రెండడుగుల మేర బ్లేడ్లు ఉంచి మిగతావి బోల్టులు విప్పి తీసేయండి. లోతు మూడు నాలుగు అంగుళాలు దాటొద్దు. జామకు మేత వేర్లు పైపైనే ఉంటాయి, వాటిని కోసుకుని కలుపు తీసిన సంబరం ఎందుకు?

వాల్వు విషయంలో చాలామంది పొరపాటు పడతారు. జాకీకి వాడే వాల్వు మధ్యకు తెస్తే రెండు దార్లూ మూసుకుంటాయి. వేగంగా తిరిగే రోటర్ ఒక్కసారిగా బిగుసుకుని మోటార్ షాఫ్ట్ గానీ పైపు గానీ పోతుంది. మధ్యలో ఉన్నప్పుడు రెండు పోర్టులూ ట్యాంకుకు తెరుచుకునే ‘మోటార్ స్పూల్’ ఉన్న వాల్వు కావాలని గట్టిగా అడగండి. మోటార్‌కు కేస్ డ్రెయిన్ రంధ్రం (లోపల కారిన ఆయిల్ బయటికి పోయే దారి) ఉంటే దాన్ని రిటర్న్ లైనులో కలపొద్దు, సన్న పైపుతో విడిగా ట్యాంకు పైకి తెచ్చి వదలండి. లేదంటే షాఫ్ట్ సీలు బయటికి తన్నుకొస్తుంది.

ట్యాంకు 60 లీటర్లకు తగ్గకుండా, ఫ్యాన్ కూలర్‌తో. మన ఎండలకు 68 గ్రేడ్ ఆయిల్ పోయండి. సక్షన్ పైపు ఒకటింబావు అంగుళం, ప్రెషర్‌ది ముప్పావు. పైపులు రాణిగంజ్‌లో కొలత ఇచ్చి కొత్తవి క్రింప్ చేయించుకోండి, టిల్లర్‌తో వచ్చిన పాతవి వద్దు. గేర్‌బాక్సు, పంపు, ట్యాంకు, కూలర్ అన్నీ కలిపితే మీరు టిల్లర్‌కు పెట్టిన డబ్బు కన్నా ఎక్కువే అవుతుంది, ముందే చెబుతున్నా. బరువు ఒక పక్కకే పడుతుంది కాబట్టి అవతలి చక్రానికి వెయిట్లు బిగించండి.

లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడకండి. సూది రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. చిన్న గాటులా కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా ఉండకపోవచ్చు, అయినా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

బిగించాక నేల కొంచెం పదునుగా ఉన్న రోజు చూసి అరగంట నడిపి, ట్యాంకులో ఆయిల్ ఎంత వేడెక్కిందో థర్మామీటర్‌తో చూడండి. 80 డిగ్రీలు దాటితే ఆపేసి, కూలర్ పెద్దది వేయించండి.